సముద్రతీరపు పాత దేవాలయములు

సెలవులు వచ్చినచో మనలో కలిగినవారు గోవాకు పోవుదురు. పాత గోవాలో బోం జీసస్ అను గొప్ప క్రైస్తవ దేవాలయము కలదు. అది 1605వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడినది. అందు వెండిపేటికలో నున్న ఫ్రాన్సిస్ జేవియరు భౌతికకాయమును దూరమునుండి చూచి, ఛాయాచిత్రములు తీసికొని, మరలివచ్చి నెలదినములు ఇరుగుపొరుగువారికి ఆ ముచ్చటలే చెప్పుచుందురు. ఇందు తప్పేమియు లేదు. అది చూడవలసిన కట్టడమే. అయితే ఆ 1605వ సంవత్సరముననే మన మచిలీపట్టణపు రేవులో హాలెండు వర్తకులు గిడ్డంగి తెరచిరన్న సంగతి ఆ యాత్రికులలో ఎందరికి తెలియును? వందలకొలది మైళ్లు పోయి వచ్చినవారు తమ తీరమునందలి పాతగోడలను ఒక్కమారైనను చూడకుండుట నాకు వింతగా తోచును.

నేను పాలకాయతిప్పవాడను. కృష్ణానది తన ప్రయాణము ముగించి సముద్రమున కలియు చోటు మా ఊరికి సమీపముననే యున్నది. పొరుగున హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయము కలదు. మా తిప్పపై మాత్రము కంటికి కనబడునది ఇసుక, ఉప్పుగాలికి వంగిన చెట్లు, వలలు ఆరవేయు గుంజలు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమపై బడి పదివేలమందికి పైగా ప్రాణములు తీసినది. మనుష్యులే నిలువలేనిచోట గోడల మాట చెప్పనేల? అందుచేతనే కాబోలు, పాతగోడ ఎచ్చట కనబడినను నా కాళ్లు ఆగిపోవును. ఇది ఇంతకాలము ఎట్లు నిలిచినది అను ప్రశ్న నాకు మొదట కలుగును. ఎవరు కట్టించిరి అను ప్రశ్న ఆ తరువాతిది.

మా ఊరినుండి కోడూరు, అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు చేరవచ్చును. ఆ పట్టణమున చరిత్ర తెలియుటకు పుస్తకము తెరువనక్కరలేదు; పేటల పేర్లు వినిన చాలును. హాలెండువారిని మన పూర్వులు వలందులనిరి. వారి పేరు వలందపాలెమున నిలిచినది. ఫ్రెంచివారిని పరాసులనిరి. వారి పేరు పరాసుపేటలో నిలిచినది. ఇంగ్లీషుపాలెమునకు వ్యాఖ్యానమే అక్కరలేదు. వీరందరికంటె ముందు మన సముద్రమున ఓడలు నడిపిన పోర్చుగీసువారికి బుడతకీచులని పేరు. వారు మనకు మిగిల్చినవి పేటలకంటె మాటలు. పాదిరీ వారి మాట. నీరు తోడు బాల్చీ, బట్టలుంచు అలమార, మొగము తుడుచుకొను తువాలు, తోటలో పండు అనాస, ఇవియెల్ల బుడతకీచుల నోటినుండి మన నోటికి వచ్చినవే. మన యిండ్లు కట్టు మేస్త్రీ పేరు సయితము వారిదే. ఈ మేస్త్రీని మరచిపోకుడు. అతనితో మనకు ముందు పనియున్నది.

ఐరోపావారందరు ఒక్కతీరువారని తలచుట పొరపాటు. బుడతకీచులును పరాసులును రోమను కాథలిక్కులు. వలందులును ఇంగ్లీషువారును ప్రొటెస్టెంటులు. వ్యాపారములో వీరికెంత వైరమో, ఆరాధనపద్ధతిలో అంత భేదము. కాథలిక్కు దేవాలయమున అడుగిడగనే ద్వారముకడ తీర్థజలపాత్ర యుండును. ఎదుట బలిపీఠము, మరియమాతయు పునీతులును ఉన్న ప్రతిమలు, గోడలవెంట యేసుక్రీస్తు సిలువమార్గమును తెలుపు 14 పటములు కానవచ్చును. వలందులు ప్రతిమలను సహింపరు. వారు తమ కళాభిరుచినంతయు సమాధిరాళ్లపై చూపిరి. బందరుకోటలోని వలందుల సమాధులవాటికలో పదునేడవ శతాబ్దపు శిలాఫలకములు నేటికిని ఉన్నవి. వానిపై కులచిహ్నములు, అక్షరములు ఉబ్బెత్తుగా చెక్కబడియున్నవి.

బాల్యమున మమ్ము పాఠశాలవారు అచ్చటికి విజ్ఞానయాత్రకు తీసికొనిపోయిరి. నేనొక ఫలకముపై కూర్చుండి వేరుసెనగకాయలు తిని, మేకుతో నా పేరు గీయుటకు ప్రయత్నించితిని. రాయి గట్టిది, నా పేరులో మొదటి అక్షరమైనను పూర్తికాలేదు. మా మాష్టారు వచ్చి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. క్రిందికి దింపి, ఆ రాతిపై నేను గీసిన అక్షరమునకును, నాలుగువందల యేండ్లనాటి అక్షరమునకును గల లోతు వేలితో తడిమి చూడుమనిరి. ఈనాటికిని ఆ స్పర్శ నా వ్రేలికొనయందున్నది.

అదే పట్టణమున ఇంగ్లీషువారు కట్టిన సెయింటు మేరీ చర్చి యొకటి కలదు. అది కాథలిక్కు గుడి కాదు. అయినను దాని కథ ఇచ్చట చెప్పదగినది. జాన్ పేటరు అను ఇంగ్లీషు సేనాని ప్రేమించిన అరబెల్లా రాబిన్సను అను యువతి 1809వ సంవత్సరమున మరణించినది. ఆమెను ఇంగ్లీషువారి సమాధులవాటికలో పాతిపెట్టుటకు మతభేదము అడ్డువచ్చెననియు, అందుచే ఆ సేనాని ఆమె సమాధిపైననే దేవాలయము కట్టించెననియు బందరువారు చెప్పుకొందురు. మనలోనే భేదములున్నవని తలపోయువారు ఈ కథ వినదగును.

యుద్ధములు, ఉప్పెనలు బందరులో ఎన్ని కట్టడములను మ్రింగినవో లెక్కపెట్టుట కష్టము. 1750వ సంవత్సరమున పరాసులు కోటను పట్టుకొనిరి. 1759 ఏప్రిలులో ఫోర్డు అను ఇంగ్లీషు సేనాని రాత్రివేళ దానిపైబడి గెలుచుకొనెను. ఆపైన 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. పరాసుల కోట పోయినను వారి చిన్న స్థలమొకటి మాత్రము 1947 అక్టోబరు వరకు ఆ పట్టణమున ఫ్రెంచి ప్రభుత్వపుదిగనే యుండినది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన తరువాతకూడ కొన్నివారములు బందరు మధ్య పరాసుల నేల యున్నదన్నమాట!

పరాసుల దేవాలయమును తెలుగునేలపై తీరుగా చూడదలచినవారు యానాము పోవలెను. గౌతమీగోదావరి యొడ్డుననున్న ఆ చిన్న పట్టణము 1954 నవంబరు 1వ తేదీన మనదేశపు పాలనలోనికి వచ్చినది; చట్టరీత్యా 1962 ఆగస్టులో కలిసినది. నాలుగువైపుల ఆంధ్రప్రదేశమే యున్నను నేడది పుదుచ్చేరిలో భాగము. అచ్చటి పునీత అన్నమ్మ దేవాలయము పందొమ్మిదవ శతాబ్దమునాటిది. అన్నమ్మ మరియమాతకు తల్లి. ఊరిలో ఫ్రెంచి పాలన ముగిసినది. గుడిలో ప్రార్థన ముగియలేదు. ఈ మాట నాకు ఎట్లు తెలిసివచ్చెనో చెప్పెదను.

మరియొక యాత్రలో మేము ముప్పదిమంది బాలురము ఆ దేవాలయము చూచుటకు పోతిమి. లోపల కప్పు ఎత్తుగా నుండుటచే మాట మారుమ్రోగినది. ఒకడు కూత పెట్టెను. అది బాగుగా నున్నదని మరియొకడు పెట్టెను. ఇక అందరము పెట్టితిమి. ముందువరుసలో ముసుగు వేసికొని మోకరించిన ముసలమ్మయొకతె యున్నదని మేము చూడనేలేదు. ఆమె మెల్లగా లేచి వచ్చి అడిగినది:

“ఏం బాబూ, మీ ఇంట్లో పెద్దాళ్లు పూజలో కూర్చున్నప్పుడు కూడా ఇలాగే కేకలు పెడతారా?”

మా మాష్టారు చేతులు జోడించి, “తప్పయిందమ్మా, పిల్లలు” అనిరి.

“పిల్లలు కాబట్టే చెప్పాను. కాసేపు కూర్చోమనండి” అని ఆమె తన చోటికి పోయి మరల మోకరించినది.

మేము కూర్చుంటిమి. పావుగంట యెవరును మాటలాడలేదు. అప్పుడు నాకు కనబడినవి ముందు కనబడలేదు. కిటికీనుండి పడు వెలుతురు నేలపై జరుగుట, కొవ్వొత్తుల మైనపువాసన, అనేకుల మోకాళ్లు ఆనుటచే నునుపెక్కిన చెక్క, ఇవి కూత పెట్టువానికి దొరకవు. పాతకట్టడము చూచుటకు పోవువారు అది ఇంకను ఒకరి యిల్లని తెలిసికొని పోవలెను. చెప్పులు విడువవలెనా, తలకు ముసుగు వేయవలెనా, ఛాయాచిత్రము తీయవచ్చునా అని అచ్చటివారిని అడుగుటలో చిన్నతనము లేదు. గుణదలకొండకు ఏటేట ఫిబ్రవరిలో పోవు వేలమందిలో అన్నిమతములవారు ఉందురు. వారికి ఈ మర్యాద ఎవరును నేర్పనక్కరలేదు. తెలియనిది మనబోటి చూడవచ్చినవారికే.

ఇక నిజమైన చిక్కునకు వత్తము. కొందరు పెద్దలు నాతో వాదించిరి: “పరదేశపువారు వ్యాపారమునకు వచ్చి, కోటలు కట్టి, మనలను ఏలిరి. వారి గుడులను, గోరీలను మనమేల కాపాడవలెను?” ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. వలందులు మన కలంకారి వస్త్రములను కొని, వానిని తూర్పుదీవులలో సుగంధద్రవ్యములకు మారకము వేసి లాభించిరి. అంతటితో ఆగక, కరవుకాలములందు ఈ తూర్పుతీరమున మనుష్యులను సయితము బానిసలుగా కొని ఓడలపై బతావియాకు పంపిరి. ఇది మరువదగినది కాదు. అయితే ఆ రాళ్లను పడగొట్టినచో మరువబడునదే యిది. నేరము జరిగిన చోటు చెరిపివేయుట నేరస్థునికి మేలు, బాధపడినవానికి కాదు.

మరియొక సంగతి. కట్టించినవారు పరదేశులు, కట్టినవారెవరు? ఇటుక కాల్చినది మన మట్టితో. గుల్లలు ఏరి, కాల్చి, గానుగలో నూరి సున్నము చేసినది మన కూలీలు. అందు బెల్లము, కరక్కాయనీరు కలిపి గోడకు పట్టించినది మన మేస్త్రీలు. పేరు బుడతకీచులదైనను చేయి తెలుగుదే. మతము విషయమునను అంతే. పదునెనిమిదవ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి క్రీస్తుచరిత్రమును తెలుగుపద్యములలో ‘వేదాంతరసాయనము’గా రచించెను. ఆ గుడులలో నేడు మోకరించువారు మన ఊళ్లవారు, మన భాషవారు. యానాములో నన్ను మందలించిన ముసలమ్మ ఏ దేశమునుండి వచ్చినది? ఆమె మాటయే చెప్పుచున్నది గదా!

కనుక కాపాడవలెననుటలో నాకు సందేహము లేదు. ఎట్లు కాపాడవలెననుటలోనే తగవు. డెల్టాలోని ఒక గ్రామమున పాత కాథలిక్కు దేవాలయము కలదు. కప్పు కారుచున్నది. పండుగనాడు సగము జనము ఎండలో నిలుచుందురు. ఊరివారు చందాలు పోగుచేసి, దానిని పడగొట్టి కాంక్రీటుతో పెద్దగుడి కట్టదలచిరి. వారిని తప్పుపట్టుటకు నాకేమి యధికారము? నేను సంవత్సరమునకు ఒకమారు చూచి పోవువాడను. వారు వారమువారము తడియువారు. అయినను వారు అడిగిరి గనుక నా యభిప్రాయము చెప్పితిని.

సముద్రపుగాలిలో ఉప్పుండును. కాంక్రీటులోని ఇనుపచువ్వకు ఆ ఉప్పు తగిలినచో చువ్వ త్రుప్పుపట్టి ఉబ్బును. ఉబ్బి కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. తీరమున ముప్పది నలుబదియేండ్లకే పెచ్చులూడు మేడలు మీరును చూచియుందురు. పాత సున్నపుగోడలో ఇనుము లేదు. అది తడిని పీల్చుకొని మరల గాలికి విడిచిపెట్టును. దానిపై సిమెంటు పూసినచో తడి బయటికి రాలేక, లోపల ఉప్పు పేరుకొని, ఇటుక పొడియగును. బాగుచేయుదమని పూసిన పూతయే గోడకు చేటగును. పై పూత తీసివేసినను ముప్పే. పాత గోవాలోని ఆ బోం జీసస్ గోడలకు పూర్వము సున్నపుపూత యుండెడిది. 1950 తరువాతి సంవత్సరములలో దానిని గొరిగివేసిరి. ఎర్రరాయి బయటపడి అందముగనే యున్నది గాని, మెత్తని ఆ రాయిని వానలు అప్పటినుండి తినుచున్నవి.

అందుచే పాతగుడిని సున్నముతోనే బాగుచేసి ప్రార్థనకు ఉంచుకొని, పండుగ జనమునకు ప్రక్కన వేరొక పందిరిశాల కట్టుకొనుడని చెప్పితిని. ఖర్చు తక్కువ కాదు. సున్నము నూరు గానుగ నేడు దొరకుట కష్టము. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకుట మరింత కష్టము. ఒక యువకుడు లేచి, “అయ్యా, మీరు చెప్పినది బాగున్నది. కాని మా అమ్మ వానలో తడుస్తుంటే నేను మేస్త్రీని వెదకుతూ కూర్చోవాలా?” అని అడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. ముందు కప్పు మాత్రము కప్పుడు, గోడలను ఈ యేడు ముట్టకుడు అంటిని. కొందరు తలయూచిరి. కొందరు ఊపలేదు.

తగవు ఇంకను తెగలేదు. గోపురము బలహీనపడినదని గంటను దింపి గుడిముందరి వేపచెట్టుకొమ్మకు కట్టిరి. నేను పోయిననాటి సాయంకాలము ఎనిమిదేండ్ల పిల్లవాడొకడు రాతిపైకెక్కి త్రాడు లాగుచుండెను. గంట వినబడగనే పొలముగట్లమీద నుండి జనము ఒక్కరొక్కరుగా రాసాగిరి. పడమట మబ్బు పట్టియుండినది.