కాపరి మాట: పరుగెత్తువారికి నీళ్లు



విశాఖలోను హైదరాబాదులోను ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు మారథాన్ అను పరుగుపందెమునకు పేర్లు ఇస్తున్నారు. అది ఆదివారము తెల్లవారుజామున మొదలవుతుంది. "అయ్యగారూ, ఆరాధన మాని పరుగుకు పోవడము పాపము కాదా?" అని తలిదండ్రులు మమ్మును అడుగుచున్నారు. జవాబుకు ముందు ఆ పరుగు సంగతి తెలిసికొందము.

క్రీ.పూ. 490లో గ్రీసు దేశపు మారథాన్ మైదానములో ఏథెన్సువారు పారసీకులను ఓడించారు. ఒక దూత ఆ వార్తను ఏథెన్సుకు పరుగున తెచ్చి ప్రాణము విడిచెనని పాతకథ. దానిని తలచుకొని 1896 ఏథెన్సు ఒలింపిక్సులో ఈ పందెము పెట్టారు. నీళ్లు మోసి బ్రదికే స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకు యువకుడు గెలిచాడు. 1908 లండన్ పందెములోని 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరమే 1921లో స్థిరపడినది. మన లెక్కలో, విశాఖ నుండి భీమిలి పోయి తిరిగి వచ్చు దూరమునకు కొంచెము తక్కువ.

విశాఖలో నౌకాదళమువారు బీచ్ రోడ్డు మీద 42, 21, 10, 5 కిలోమీటర్ల పరుగులు నడుపుతారు. హైదరాబాదు మారథాన్ 2011లో మొదలైనది. హుస్సేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో బయలుదేరి, ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, గచ్చిబౌలి స్టేడియములో ముగుస్తుంది.

2023లో షికాగోలో కెన్యా యువకుడు కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లలో పరుగెత్తి, అప్పటివరకు పరుగెత్తినవారందరినీ మించాడు. నాలుగు నెలలకే, 24 ఏండ్ల వయసులో, కారు ప్రమాదములో మరణించాడు. పౌలుగారు ఎరిగిన కొరింథు ప్రాంతపు పందెములలోను గెలిచినవానికి దక్కినది వాడిపోవు ఆకుల కిరీటమే.

1968 మెక్సికో ఒలింపిక్సులో 75 మంది బయలుదేరితే 57 మందే ముగించారు. ఆ 57వవాడు టాంజానియా దేశస్థుడు జాన్ స్టీఫెన్ అఖ్వారి. దారిలో పడి మోకాలికి గాయమైనది. కట్టు కట్టించుకొని, గెలిచినవాని తరువాత గంటకు పైగా ఆలస్యముగా, కుంటుకుంటూ వచ్చి గీత దాటాడు. లోకము అతనిని మరువలేదు.

ఇక ప్రశ్నకు వద్దాము. దేహమును సాధన చేయుట పాపము కాదు. 1924 పారిసు ఒలింపిక్సులో ఎరిక్ లిడెల్ ఆదివారము పరుగెత్తనని 100 మీటర్ల పందెము వదులుకున్నాడు. మరియొక దినమున 400 మీటర్లలో బంగారు పతకము పొందాడు. తరువాత చైనాలో మిషనెరీగా సేవచేసి, 1945లో నిర్బంధ శిబిరములో ప్రభువునందు నిద్రించాడు. అంత తెగువ మన పిల్లలకు కలగాలని ప్రార్థిద్దాము. అయితే ఏడాదికి ఒక ఉదయము పరుగెత్తినవాడు ఆ సాయంత్రమైనా ఆరాధనకు పోవచ్చును. మిగిలిన 51 ఆదివారములు ఎక్కడ ఉన్నాడన్నదే మా దిగులు.

మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక ఒంట్లో నిలువయున్న సత్తువ తరిగి కాళ్లు మొరాయిస్తాయి. అందుకే దారి పొడవునా బల్లలు వేసి నీళ్లు అందిస్తారు. మన పిల్లలకు అట్టి గడ్డుచోటు, ఇల్లు విడిచి పట్నము చేరిన తొలి రెండేండ్లు. అక్కడ వారికి నీళ్లందించువారెవరు? బస్సెక్కించేటప్పుడు బియ్యము, ఆవకాయ మూటగట్టి ఇస్తాము. అక్కడి సంఘకాపరికి ఒక ఉత్తరము రాసి ఇస్తున్నామా? ఆదివారము ఫోను చేసి జీతము సంగతి అడుగుతాము. ఏ వాక్యము విన్నావని అడుగుతున్నామా? పరుగుకు పోయినవానిని తప్పుపట్టుటకు ముందు, మన బల్ల మీద నీళ్లున్నవో లేవో చూచుకొందము.

ఈ నెలలో ప్రతి కుటుంబము పట్నములోని తమ పిల్లల పేరు, చిరునామా మీ సంఘకాపరికి ఇవ్వండి. ఆయన అక్కడి సంఘమునకు తెలియజేస్తారు. కుటుంబ ప్రార్థనలో హెబ్రీ 12:1-3 చదివి, ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థించండి. పడినవానిని లేవనెత్తి, గీత దాటువరకు నడిపించు ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.