రెండు పేర్లు, ఒకే నీలం

మొన్న రాత్రి పదిన్నరకి రిలీజ్ పనిలో ఉండగా మా పిన్ని కూతురు ఫోన్. ఇంటర్ సెకండియర్. "అన్నయ్యా, ప్రష్యన్ బ్లూ, టర్న్‌బుల్ బ్లూ ఒకటే అని రాస్తే మా సార్ తప్పు కొట్టారు. నెట్‌లో ఒకటే అని ఉంది. ఏది కరెక్టు?"

నేనూ ఒకప్పుడు రెండూ వేరని బట్టీ కొట్టినవాణ్ణే. ఫెర్రిక్ ఉప్పులో ఫెర్రోసయనైడ్ పోస్తే ప్రష్యన్ బ్లూ, ఫెర్రస్ ఉప్పులో ఫెర్రిసయనైడ్ పోస్తే టర్న్‌బుల్ బ్లూ. మార్కులొచ్చాయి, మర్చిపోయాను.

పాలిమర్ అంటే మనకి ప్లాస్టిక్ బకెట్టే గుర్తొస్తుంది. ఈ నీలం కూడా ఒకరకం పాలిమరే. ఇనుము, సయనైడ్, మళ్లీ ఇనుము, మళ్లీ సయనైడ్... నిలువుగా, అడ్డంగా, లోతుగా అల్లుకున్న గూడు. సయనైడ్‌లో కార్బన్ కొస ఒక ఇనుముని, నైట్రోజన్ కొస ఇంకో ఇనుముని పట్టుకుంటుంది. ఏ కొసన ఫెర్రస్, ఏ కొసన ఫెర్రిక్? గొడవంతా ఇక్కడే.

1960లలో దీన్ని తేల్చింది మాస్‌బవర్ స్పెక్ట్రోస్కోపీ. దీని వెనకున్న ఎఫెక్ట్ కనిపెట్టినందుకు జర్మనీకి చెందిన రుడాల్ఫ్ మాస్‌బవర్‌కి 1961లో నోబెల్ వచ్చింది. కోబాల్ట్-57 నుంచి వచ్చే గామా కిరణాల్ని శాంపిల్ మీదకి పంపుతూ, ఆ సోర్సుని సెకనుకి కొన్ని మిల్లీమీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ కదుపుతారు. చీమ కూడా నవ్వే స్పీడు! ఆ కాస్త కదలికకే కిరణం ఎనర్జీ మారుతుంది. ఏ వేగం దగ్గర ఇనుము దాన్ని మింగుతుందో చూస్తే, అది ఫెర్రస్సో ఫెర్రిక్కో తెలిసిపోతుంది.

రెండు నీలాలకీ ఒకే గ్రాఫ్ వచ్చింది. కార్బన్ వైపు ఫెర్రస్, నైట్రోజన్ వైపు ఫెర్రిక్. అంటే టర్న్‌బుల్ బ్లూలో మనం పోసిన ఫెర్రస్, తన ఎలక్ట్రాన్‌ని అవతలి ఇనుముకి ఇచ్చేసి తను ఫెర్రిక్ అయిపోతోంది. ఐరన్-57ని ఒకవైపు ఇనుములోనే ఎక్కువగా పెట్టి, అది ఎక్కడ తేలిందో కూడా చూడొచ్చు. మేం రిక్వెస్టుకి ఐడీ తగిలించి లాగ్స్‌లో వెతుక్కున్నట్టే.

ఇది మార్కుల గొడవే అనుకోకండి. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో పాత రేడియోథెరపీ మెషీన్‌ని విప్పడంతో సీజియం-137 జనం ఒంట్లోకి పోయింది. వాళ్లకిచ్చిన మందు ఈ ప్రష్యన్ బ్లూనే. పేగుల్లో సీజియంని పట్టేసి బయటికి పంపిస్తుంది. సయనైడ్ ఉన్నా చంపదు, ఇనుము దాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి.

ఇదంతా చెప్తే చెల్లి, "అన్నయ్యా, పబ్లిక్‌లో ఏం రాయను?" అంది. రెండు ఈక్వేషన్లూ రాసి, కింద ఒకటే అని కూడా రాయమన్నా. గ్రాఫ్ ప్రింట్ తీసుకెళ్లి సార్‌కి చూపించిందట. ఆయన తీసుకుని చూస్తానన్నారు. మార్కు మాత్రం ఇంకా వెయ్యలేదు.