నింద తనది, కీర్తి తనవారిది

ఇంజనీరు వృత్తికి గణితమునందు ప్రావీణ్యము, యంత్రములయందు నేర్పు ఉన్నచో చాలునని పలువురు తలంతురు. ఆ రెండును లేనివాడు ఇంజనీరు కాజాలడనుట నిజమే. కాని రాకెట్టు నిర్మాణము వంటి మహాకార్యములకు అవి మాత్రమే చాలవు. రాకెట్టును ఒక్కడు నిర్మింపలేడు. వందలకొలది జనులు ఏండ్ల తరబడి శ్రమించి, వేలకొలది భాగములను కూర్చి దానిని సిద్ధము చేయుదురు. అందులో ఒక చిన్న కవాటము మొరాయించినను అందఱి శ్రమయు కొన్ని నిమిషములలో సముద్రము పాలగును. అట్టి వేళ నిందను తనపై వేసికొనగల ధైర్యము నాయకునకు ఉండవలెను. ఈ గుణము అతనికి అలంకారము కాదు. ఆ వృత్తికే ఆధారము. సతీష్ ధవన్ గారి జీవితము ఈ సత్యమును చక్కగా విశదపఱచుచున్నది.

ధవన్ గారు 1920 వ సంవత్సరము సెప్టెంబరు 25 వ తేదీన శ్రీనగరమున జన్మించిరి. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున గణితము, భౌతికశాస్త్రము, ఆంగ్ల సాహిత్యము, యంత్రనిర్మాణశాస్త్రము అభ్యసించి పట్టములు పొందిరి. పిమ్మట అమెరికాకు పోయి, కాలిఫోర్నియాలోని సుప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థయందు పరిశోధన సలిపి 1951 లో డాక్టరు పట్టమును గడించిరి. వేగముగ పోవు వస్తువును గాలి రాచుకొని వెనుకకు లాగును. ఆ రాపిడి ఎంతయో ఊహించి ఊరకుండక, తగిన పరికరమును అమర్చి దానిని నేరుగా కొలుచుటయే ఆయన చేసిన పరిశోధన.

ఆ యేడే ధవన్ గారు స్వదేశమునకు మరలి వచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరిరి. అచ్చట వాయుసొరంగములను నిర్మింపజేసిరి. ఈ సొరంగమున విమానపు నమూనాను కదలకుండ నిలిపి, దానిపైకి గాలిని వేగముగ పంపి, నింగిలో విమానమునకు ఎదురగు ఒత్తిడులను నేలమీదనే పరీక్షింతురు. 1962 లో ఆయన ఆ సంస్థకు అధ్యక్షులైరి. 1971 డిసెంబరులో విక్రం సారాభాయి గారు అకస్మాత్తుగ మరణింపగా, మరుసటి యేడు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ బాధ్యతయు ధవన్ గారి భుజములపై పడెను. 1984 వఱకు ఆయన ఆ భారమును వహించిరి.

ఒకవైపు పులికాటు సరస్సును, మఱియొకవైపు బంగాళాఖాతమును గల శ్రీహరికోటయందు 1979 ఆగస్టు 10 వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టు ప్రయోగమునకు సిద్ధమయ్యెను. అది 22 మీటర్ల ఎత్తును, 17 టన్నుల బరువును, నాలుగు దశలును కలది. దాని నిర్మాణమునకు ఏ.పి.జె. అబ్దుల్ కలాం గారు సారథి. ప్రయోగమునకు కొలదిసేపు ముందు, ఆపివేయుమని కంప్యూటరు సూచించెను. నిపుణులు పరికించి భయము లేదని చెప్పగా, కలాం గారు ప్రయోగమునకే నిశ్చయించిరి. మొదటి దశ చక్కగా పనిచేసెను. కాని రెండవ దశను అదుపు చేయు వ్యవస్థలో ఆమ్లము కాఱిపోయినందున రాకెట్టు గతి తప్పి బంగాళాఖాతమున కూలెను.

పత్రికలవారు సమాధానము కోరి కూర్చుండిరి. నిశ్చయము కలాం గారిది. అయినను ధవన్ గారు ఆయనను ముందుకు నెట్టలేదు. తామే విలేకరుల యెదుట నిలిచి, వైఫల్యమునకు బాధ్యత తమదే యనియు, తమ బృందమునందు తమకు పూర్ణవిశ్వాసము కలదనియు పలికిరి. మరుసటి యేడు జూలై 18 వ తేదీన అదే రాకెట్టు 35 కిలోగ్రాముల రోహిణి ఉపగ్రహమును కక్ష్యయందు నిలిపెను. ఆ నాడు విలేకరులతో మాటాడుటకు ధవన్ గారు కలాం గారినే పంపిరి. ఈ వృత్తాంతమును కలాం గారే తరువాతి కాలమున పలు సభలలో కృతజ్ఞతతో చెప్పుచుండెడివారు.

తప్పు చేసినవానిని విడిచి మఱియొకడు నింద మోయుట న్యాయమా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఇచ్చట రెండు సంగతులను వేఱు చేసి చూడవలెను. కారణమును వెదకుట ఒకటి. నిందను మోయుట మఱియొకటి. ధవన్ గారు నిందను మోసిరే గాని కారణమును మఱుగుపఱచలేదు. ఇంజనీర్లు విచారణ జరిపి, లోపము ఎచ్చట నున్నదో కనుగొని సరిదిద్దిరి. నాయకుడు క్రిందివారిపై నింద త్రోసివేయు చోట ప్రతివాడును తన పొరపాటును దాచుకొనును. కప్పిపుచ్చిన లోపము నేలపై దాగినను నింగిలో దాగదు. కావున నిర్భయముగ నిజము చెప్పగల వాతావరణమే రెండవ ప్రయోగమునకు నిజమైన ఇంధనము. మఱియు, పనివారిని ఎన్నుకొని, పనిని అప్పగించి, సమ్మతి తెలిపినవాడు నాయకుడే. గెలుపునందు భాగముగల అతనికి ఓటమియందు భాగము లేదనుట ఎట్లు చెల్లును?

ధవన్ గారు 2002 జనవరి 3 వ తేదీన పరమపదించిరి. ఆ సంవత్సరమే శ్రీహరికోటలోని కేంద్రమునకు ఆయన పేరు పెట్టబడెను. నేడు అచ్చటినుండి లేచు ప్రతి రాకెట్టుతోను ఆ నామము వినబడుచున్నది.

ఇంజనీరు కాగోరు బాలబాలికలు గణితమును శ్రద్ధగా నేర్వవలసినదే. కాని ఈ రెండవ పాఠమునకు కళాశాలలో చేరువఱకు వేచియుండ నక్కఱలేదు. ఆటలో ఓడిన నాడు బంతి జాఱవిడిచిన బాలుని వ్రేలెత్తి చూపక తానే ముందు నిలుచు జట్టునాయకుడు ఆ పాఠమును ఇప్పుడే నేర్చుకొనుచున్నాడు.