మన యింటి మాటలు: చిత్తరువులోని యీమె యెవరు?



భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరితమున మొదటి అంకమునందు చిత్రదర్శన ఘట్టమొకటి కలదు. గర్భవతియై యున్న సీతాదేవి మనస్సునకు ఉల్లాసము కలుగుటకై, తమ పూర్వకథను చిత్తరువులుగా వ్రాయించి లక్ష్మణుడు అన్నకును వదినెకును చూపుచుండును. పెండ్లి చిత్తరువు వచ్చినప్పుడు అతడు సీతను చూపును, మాండవిని చూపును, శ్రుతకీర్తిని చూపును. తన యిల్లాలగు ఊర్మిళను మాత్రము సిగ్గుచే దాటిపోవును. అంతట సీత పరిహాసముగా ఆ మిగిలిన యామె యెవరని యడుగును. లక్ష్మణుడు మాట మార్చి పరశురాముని చూపును.

పండితులీ ఘట్టమునందలి సున్నితమైన హాస్యమును మెచ్చుకొందురు. మేమును మెచ్చుకొందుము. కాని చదివినప్పుడెల్ల మాకు మరియొక సంగతి తోచుచుండును. చిత్తరువులో స్త్రీ కలదు. ఆమె పేరెరిగినవాడు ప్రక్కనే కలడు. అయినను పేరు పైకి రాలేదు. ఆమె యెవరని యడిగినది మరియొక స్త్రీ. ఈ మాసమున మేము ముచ్చటింపదలచినది ఈ ప్రశ్నను గూర్చియే. ఛాయాచిత్రములు తీయుచు జాతుల చరిత్రను, వంశముల పూర్వకథను వెదకువారు లోకమున ననేకులు కలరు. వారి పనివలన మనకేమి తెలియుచున్నది? మన గోడలమీది పటములతో దానికేమి సంబంధము?

మన దేశమునకు ఛాయాచిత్రయంత్రము వచ్చిన కొలదికాలమునకే ప్రభుత్వమువారు దానిని ప్రజలమీదికి త్రిప్పిరి. 1868 మొదలు 1875 వరకు ఇంగ్లండునందు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ యను గ్రంథము ఎనిమిది సంపుటములుగా వెలువడెను. ఈ దేశపు కులములను, కొండజాతులను, వృత్తులవారిని చిత్రములతో వర్ణించుటయే దాని యుద్దేశము. మద్రాసు మ్యూజియము అధికారి యగు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించెను. ఆయన మనుష్యుల తలలను, ముక్కులను పరికరములతో కొలిపించెడివాడు. ఇట్టి గ్రంథములలో మనిషి తన జాతికొక మచ్చుగా నిలుచును. తట్టలో నుంచిన ధాన్యపు మచ్చును చూచి బేరగాడు బస్తాను నిర్ణయించినట్లు, ఒక ముఖమును చూచి జాతినంతటిని నిర్ణయింపజూచిరి. మచ్చునకు పేరెందులకు?

ఇందుకు కొంత వేరైన కథ మన తెలంగాణముననే జరిగినది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనునాయన 1909లో వియన్నా నగరమున జన్మించెను. 1939లో యుద్ధమారంభమైనప్పుడు ఆయన యొద్ద జర్మను పాస్‌పోర్టు ఉండుటచే, ఇంగ్లీషువారి కంటికి శత్రుదేశీయుడయ్యెను. హైదరాబాదు సంస్థానము దాటిపోరాదని ఆయనకు కట్టడి యేర్పడెను. ఆ కట్టడినే ఆయన యవకాశముగా చేసికొనెను. భార్య బెట్టీ ఎలిజబెత్తుతో కూడి నల్లమల చెంచుల నడుమను, గోదావరి తీరపు కొండరెడ్ల నడుమను, ఆదిలాబాదు గోండుల నడుమను నివసించి, వారి మాటలు వ్రాసికొనుచు, చిత్రములు తీయుచు కాలము గడపెను. చెంచులను గూర్చి 1943లోను, కొండరెడ్లను గూర్చి 1945లోను, రాజగోండులను గూర్చి 1948లోను ఆయన గ్రంథములు ప్రకటించెను.

ఆదిలాబాదు అడవులలో భూమికై పోరాడిన కుమ్రం భీము 1940లో జోడేఘాటునొద్ద ప్రభుత్వపు తుపాకులకు బలియైన పిమ్మట, గోండుల యసంతృప్తికి కారణమేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము ఈ హైమన్‌డార్ఫునే నియోగించెను. ఆయన మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని నివసించెను. 1943లో అచట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు కేంద్ర మేర్పడెను. గోండీ భాషలోనే చదువు మొదలుపెట్టించిరి. సాగుచేసికొను భూములకు పట్టాలిప్పించుటకును ఆయన పాటుపడెను. చిత్రము తీసికొని వెడలిపోవుటకును, తీసినవారి కష్టమున పాలుపంచుకొనుటకును గల భేదమిందు కనబడుచున్నది.

బెట్టీ సంగతి మన పాఠకురాండ్రకు ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. భర్తతోపాటు ఆమెయు అడవి త్రోవలు నడచినది, గ్రామములందు కాపురమున్నది. అయినను లోకము చాలకాలము భర్త పేరునే పలికినది. 1979లో ప్రకటింపబడిన ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ గ్రంథమున ఆమె పేరును ఆయన పేరుతో కలిసి యున్నది. ఆమె 1987 జనవరిలో హైదరాబాదున కాలధర్మము నొందగా, ఆమె భౌతికకాయమును మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆయన 1995లో లండనున మరణించెను. నేడు ఆ యూర ఇద్దరి సమాధులును ప్రక్కప్రక్కనే కలవు. ప్రతి జనవరిలో గోండులు అచటికి చేరి స్మరించుచుందురు.

ఆ దంపతుల కాలమున తీయబడిన చిత్రములు వేలకొలదిగా లండనులోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ వారి గ్రంథాలయమున భద్రముగా నున్నవి. వానిలో ననేకము ఇప్పుడు చేతిఫోనులోను చూడవచ్చును. ఇది మేలే. కాని యొకటి యాలోచింపుడు. అందొక నాట్యపు చిత్రమో, సంతలో కూర్చున్న యువతి చిత్రమో యుండును. లండనులో కాగితము చెడకుండ కాపాడగలరు. ఆ యువతి యెవరి కూతురు, ఏ యింటి కోడలు, ఆమె మెడలోని కంటె ఎవరిచ్చినది అను సంగతి యా యూరి ముసలమ్మయే చెప్పగలదు. ఆమె పోయినచో ముఖము మిగులును, మనిషి పోవును. కాబట్టి చిత్రము పుట్టిన యూరికి తిరిగి చేరవలెను, అదియును పెద్దలు బ్రతికియుండగానే చేరవలెను.

ఇక మన సంగారెడ్డి సీమకు వత్తము. జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ 1983లో స్థాపితమైనది. దాని వ్యవస్థాపకులలో ప్రముఖుడగు పి. వి. సతీశ్ 2023లో కీర్తిశేషుడయ్యెను. ఆ సంస్థ సంఘములలో చేరినవారిలో పెక్కుమంది దళిత స్త్రీలు, బడి మొగము చూడనివారు, కూలినాలి చేసికొనువారు. వారిలో కొందరు వీడియో కెమెరా పట్ట నేర్చిరి. తమ విత్తనములను, పంటలను, పండుగలను తామే చిత్రించిరి. వరంగల్లు సీమకు పోయి బీటీ ప్రత్తి వేసిన రైతుల కష్టమును నెలనెలకు చిత్రించి 2003లో లోకమునకు చూపిరి. 2008 అక్టోబరు 15న మాచునూరులో వారి సంఘం రేడియో మొదలయ్యెను.

ఈ స్త్రీలు కెమెరా నిలుపు విధములకు పెట్టుకొన్న పేర్లు మాకెంతయు నచ్చినవి. పైనుండి క్రిందికి చూచుచు తీసినది ‘పటేలు షాట్’. ఏలయన పటేలు అరుగుమీద కూర్చుండి నేలమీది వారిని చూచు చూపు అదియే. క్రిందినుండి పైకి తీసినది జీతగాని చూపు. కంటికి కన్ను సమముగా నుంచి తీసినది ‘సంఘం షాట్’. సంఘమున అందరును ఒక్క చాపమీదనే కూర్చుందురు గనుక. పెద్ద పెద్ద గ్రంథములు వ్రాసి చెప్పవలసిన ధర్మమును వారు రెండు మాటలలో తేల్చిరి. చిత్రము తీయువారెచట నిలుచున్నారనునదియే మొదటి ప్రశ్న. థర్‌స్టను నాటి చిత్రములను ఈ స్త్రీలు చూచినచో, అది యే షాటో క్షణములో చెప్పగలరు!

విత్తనముల విషయమునను ఇట్టి సామ్యమే కలదు. మన పటాన్‌చెరువునొద్ద 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ ఏర్పడినది. అచటి చల్లని గదులలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు పంటల విత్తనములు లక్షకు పైగా రకములు దాచబడియున్నవి. జహీరాబాదు పల్లెలలో సంఘపు స్త్రీలు బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో విత్తనములు దాచుకొందురు. ఏటేట సంక్రాంతి మొదలుకొని పాతపంటల జాతరయని ఎడ్లబండ్లపై వానిని ఊరూర ఊరేగింతురు. రెండును కావలసినవే. చల్లని గది యాపదకు రక్ష. బుట్టలోని విత్తనము మాత్రము ఏటేట మట్టిని చూచును, వండెడి విధమును, దాని పేరును వెంటబెట్టుకొని సాగును. ఛాయాచిత్రములకును అంతే. లండను గ్రంథాలయము చల్లని గది వంటిది. అవ్వ నోటిమాట బుట్ట వంటిది.

పటాన్‌చెరువు నేడు కార్ఖానాల పేరున ప్రసిద్ధము. చరిత్రకారులు దీనినే చాళుక్యుల కాలపు పొట్టలకెరెగా గుర్తింతురు. 1970వ దశకమునుండి ఇచట పారిశ్రామికవాడలు పెరిగినవి. ఎన్నియో కుటుంబములకు జీతములు దొరికినవి. మరియొకవైపు నక్కవాగు నీరును, చుట్టుపట్ల చెరువులును, బావులును చెడిపోయినవి. ఇట్టి సీమలో పాత ఛాయాచిత్రమునకు మరియొక విలువ కలదు. మేనత్త పెండ్లినాటి పటమున ఆమె ముఖమునే కాక వెనుకనున్న దానిని చూడుడు. అచట మోటబావి కనబడునేమో, జొన్నచేను కనబడునేమో, చెరువుకట్ట కనబడునేమో. నేడచట ప్రహరీగోడ యుండవచ్చును. చూపింపదలచి తీయని వస్తువే కాలక్రమమున సాక్ష్యమగుచున్నది.

హైదరాబాదు రాజా దీన్ దయాళ్ పేరు మీరు వినియుందురు. ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడుగా నుండిన యాయన 1892లో పరదా స్త్రీలకై జనానా స్టూడియో తెరపించి, దాని నిర్వహణమును ఒక ఇంగ్లీషు స్త్రీకి అప్పగించెను. పరపురుషుని యెదుటికి రాని స్త్రీలకు చిత్తరువు తీయించుకొను వీలప్పుడు కలిగెను. ముఖము చిత్తరువున చేరుటకు అంత ఏర్పాటు కావలసివచ్చెను. పేరు చేరుటకు నేటికిని ఏర్పాటు లేదు.

ఇది యత్యుక్తి కాదు. మా యత్తవారింట ఒక పెద్ద పటము కలదు. పదునెనిమిదిమంది యందు కలరు. అట్టక్రింద సిరాతో మగవారి పేర్లు వరుసగా వ్రాసియున్నవి. స్త్రీల స్థానమున ‘వారి భార్య’, ‘వారి కోడలు’ అని మాత్రమున్నది. మేము మా యత్తగారి ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క ముఖముమీద వ్రేలుంచి యడిగితిమి. అత్తగారు ఒక్కొక్కరి పుట్టినింటి పేరును, పిలుపు పేరును, ఎవరి చేతి పచ్చడి బాగుండునో, ఎవరు బాలెంతగా చనిపోయిరో చెప్పుచు పోయిరి. వెనుక వరుసలో కుడిప్రక్కన నిలుచున్న పదునారేండ్ల పిల్ల యెవరో ఆమెకును తెలియదు. చెప్పగలిగిన పెద్దమ్మగారు అంతకు మూడేండ్లకు మునుపే పోయిరి. ఆ పిల్ల చంకలో నొక బిడ్డ కలదు. ఆ బిడ్డ యెవరో తెలియును. పెద్దవాడై సంపాదించి పేరు తెచ్చుకొన్నాడు. ఎత్తుకొన్నది యెవరో తెలియదు. ఆ యింట పనిచేసిన పిల్లయే యగునేమో. అయినచో ఆమె పేరు మరింత కావలసినది, ఏలయన దానిని గుర్తుంచుకొనవలసినవారు మరియెవరును లేరు.

కావున మీరీ మాసముననే చేయదగిన పనులు కొన్ని చెప్పుచున్నాము.

ఇంటిలోని పెద్దలను ముందుగా కూర్చుండబెట్టుడు. పటముల దుమ్ము తరువాత తుడువవచ్చును. పేర్లు వ్రాయునప్పుడు పటము వెనుక మెత్తని పెన్సిలుతో, అంచునొద్ద, తేలికగా వ్రాయుడు. బాల్‌పెన్ను గట్టిగా నొక్కినచో ముందువైపు గీత తేలును, సిరా ఊరును. స్త్రీలకు పుట్టింటి పేరును, మెట్టినింటి పేరును రెండును వ్రాయుడు. కొన్ని యిండ్లలో పెండ్లినాడు పేరే మార్చెడివారు గదా. పటము చెమ్మగోడకు తగిలింపకుడు, ఎండ తగులు చోట నుంచకుడు. జిగురుపట్టీలు అంటింపకుడు. పాత పటమునకు నీడపట్టున, మెరుపు దీపము లేకుండ, ఫోనుతో నకలు తీసి ఇద్దరు ముగ్గురు బంధువులకు పంపుడు. ఫోనులోని చిత్రము శాశ్వతమని నమ్మకుడు. ఫోను పోయిన దినమున పదేండ్ల సంసారము దానితో పోవును. ఏడాదికి పదిపండ్రెండు చిత్రములైనను కాగితముమీద తీయించుడు.

మరియొక మాట. తండాకో, జాతరకో, పొలమునకో పోయినప్పుడు అచటి స్త్రీల చిత్రము తీయబుద్ధియగును. ముందు అడుగుడు. పేరు తెలిసికొనుడు. కూర్చున్నవారిని తీయవలసినచో మీరును కూర్చుండుడు. తీసినది వారికి చూపుడు. వీలైనచో కాగితముమీద తీయించి మరల వారికి చేర్చుడు. మన యింటి స్త్రీని ‘వారి కోడలు’ అని వ్రాసినచో మనకెంత వెలితియో, ఆమెను ‘ఒక లంబాడీ స్త్రీ’ అని వ్రాసినచో ఆమె మనుమరాలికి అంతే వెలితి.

మీ యిండ్లలోని పటములలో మీరు పేరు కనుగొన్న స్త్రీలను గూర్చి నాలుగు పంక్తులు వ్రాసి పంపుడు. పేరు దొరకని వారిని గూర్చియు వ్రాయుడు. ఆ వర్ణన చదివి ఏ దూరపు చుట్టమో గుర్తుపట్టవచ్చును. రాబోవు సంచికలలో వానిని వరుసగా ప్రకటింతుము.