వారసత్వము – అర్హత

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరిలో మరణించగా బిరుదు ఆయన పెద్ద కుమారుడు ఆజం జాహ్‌కు దక్కలేదు. తండ్రి ఆయనను కాదని మనుమడు ముకర్రం జాహ్‌ను ముందే వారసునిగా నిర్ణయించియుండిరి. భారత ప్రభుత్వమును మనుమనినే గుర్తించినది. జ్యేష్ఠత్వము కూడ ఒక సంతకముతో తొలగిపోవునని అప్పుడే తెలిసినది. 1971లో రాజ్యాంగపు 26వ సవరణ ఆ గుర్తింపునే రద్దుచేసినది, రాజభరణముతో సహా. 2023 జనవరిలో ముకర్రం జాహ్ ఇస్తాంబుల్‌లో మరణించి, హైదరాబాదు మక్కా మసీదులో ఖననమైన పిమ్మట కుటుంబీకులు ఆయన పెద్ద కుమారుడు అజ్మత్ జాహ్‌ను తొమ్మిదవ నిజాంగా నిలిపిరి. అది ఆ ఇంటి మర్యాద, మాకు అభ్యంతరము లేదు. చట్టమునకు మాత్రము అది కనిపించదు.

అదే ఉస్మాన్ అలీఖాన్ పేర 1918లో ఉర్దూ మాధ్యమముగా ఆరంభమైన విశ్వవిద్యాలయములో చేరుటకు వంశవృక్షము అక్కరలేదు. పటాన్‌చెరు కార్మికుని బిడ్డకు అందులోగల భాగము ఏ మనుమని భాగమునకూ తీసిపోదు.

ఇక మన సంగతి. పనిలో మరణించిన తండ్రి ఉద్యోగము కుమారునికి ఇమ్మనుట అన్నము కొరకు. దానిని మేము తప్పుపట్టము. విద్యాసంస్థల కమిటీలలో కుర్చీ ఖాళీ కాగానే ‘ఫలానా వారి అబ్బాయి’ అను మాట ముందుగా వినవచ్చుట వేరు. కమిటీ పెద్దలకు మా విన్నపము: ఈసారి ఖాళీ వచ్చినచో విద్యార్థుల తల్లిదండ్రులందరి నుండి, షిఫ్టు పనివారి నుండి సైతము, పేర్లు ఆహ్వానించవలెను.