అడగలేదు కాబట్టి చెప్పలేదట!

మొన్న జుమ్మా నమాజు అయ్యాక నల్లపాడులో చాయ్ దుకాణం ముందు మా మామూజాన్ నాకో నసీహత్ చేశారు. "బేటా, కారు అమ్ముతున్నావంటగా! కొనేవాడు వచ్చే అరగంట ముందే స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కించి పెట్టు. చల్లటి బండి ఎవడికీ చూపించకు. అడిగితే చెప్పు, అడక్కపోతే ఊరుకో. ఇందులో ఝూట్ ఏముంది?"

మామూజాన్ మంచి మనిషి. ఐదు పూటలా నమాజీ. వడ్డీ సొమ్ముతో తెచ్చారని తెలిస్తే దావత్‌లో బిర్యానీ కూడా ముట్టరు. అలాంటి మనిషి నోటి నుంచి ఈ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూశాక, ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. ఎందుకంటే ఇది ఆయన ఒక్కడి మాట కాదు. మన ఖాందాన్‌లన్నిట్లో పాత బండి సౌదా ఇలాగే నడుస్తోంది.

సంగతేమిటంటే, నాది పదకొండేళ్ల పెట్రోల్ కారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక నిమిషం పాటు వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది. అమ్మేముందు గుంటూరు ఆటోనగర్‌లో తెలిసిన ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. "కంప్రెషన్ చూద్దాం భాయ్" అన్నాడు. ఇంజన్ వేడి మీద ఉండగానే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పాడు. పెట్రోల్, కరెంటు అందకుండా తీసేశాడు. ఒక్కో రంధ్రంలో గేజ్ బిగించాడు. నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోమని సెల్ఫ్ కొట్టాడు. ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకె నా వార్తల నోట్‌బుక్‌లోనే రాశాడు. 170, 165, 115, 168 పీఎస్ఐ.

మూడోది చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. కంప్రెషన్ పరీక్షలో ఒక్క అంకె పెద్దగా ఏమీ చెప్పదు. నాలుగింటి మధ్య తేడా చెబుతుంది. ఎక్కువకీ తక్కువకీ మధ్య 10, 15 శాతం దాటితే అనుమానించాలి. కచ్చితమైన హద్దు ఆ బండి కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. నాది 30 శాతం దాటింది. ఉస్తాద్ ఆ మూడో సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ సెల్ఫ్ కొట్టాడు. 150కి లేచింది. ఆయిల్ పోస్తే లేచిందంటే సందు రింగుల దగ్గర ఉంది. లేవకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెటో. పక్కపక్క రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే ముందుగా గ్యాస్కెట్‌నే అనుమానించాలి. "రింగులు భాయ్. బోరు కూడా చూడాలి. ఖర్చుంది" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "చిక్కటి ఆయిల్ పోసి, ఒక డబ్బా మందు కలిపితే కొన్నాళ్లు తెలీదు. ఈలోగా అమ్మెయ్" అన్నాడు.

చూశారా! రోగం కనిపెట్టిన చెయ్యే దాన్ని దాచే దవా కూడా చెబుతోంది.

మామూజాన్ వాదన ఏమిటంటే, కొనేవాడు కూడా మెకానిక్‌ని తెచ్చుకోవచ్చుగా? చూసుకోవడం వాడి జిమ్మేదారీ కదా? బాగుంది. కానీ మన ఇంటి ముందు, మన బండి ప్లగ్గులు విప్పుతానంటే ఎంతమంది ఒప్పుకుంటున్నాం? "నా మీద భరోసా లేదా భాయ్?" అని మొహం మాడ్చుకుంటాం. అడగడానికి వాడికి షరమ్ కలిగించి, తర్వాత వాడు అడగలేదు కాబట్టి చెప్పలేదంటాం. ఇదెక్కడి ఇన్సాఫ్?

కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపిస్తారు. అది పొగలో ఏముందో చెబుతుంది గానీ రింగుల గతి చెప్పదు. ఆర్సీ మార్చేటప్పుడు ఫారం 29, ఫారం 30 నింపుతాం. ఇంజన్ నంబరు రాస్తాం. ఇంజన్ ఆరోగ్యం రాసే గడి వాటిలో లేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉండి, ఇంజన్ సగం చచ్చి ఉండొచ్చు. సర్కారు అడగని ఆ ఒక్క ప్రశ్నకి జవాబు అమ్మేవాడి జమీర్ దగ్గరే ఉంది.

మరికొందరు తెలివైనవాళ్లు కంప్రెషన్ రిపోర్టే చూపిస్తారు. అది మరీ ప్రమాదం. మా ఫుఫేరా భాయ్ ఒకడు షార్జాలో గ్యారేజీలో పనిచేస్తాడు. ఫోన్‌లో నా గోడు చెప్పుకుంటే నవ్వి రోటరీ ఇంజన్ కథ చెప్పాడు. జర్మనీ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన అది. జపాన్ మాజ్డా కంపెనీ 1967లో కాస్మో స్పోర్ట్‌లో పెట్టింది, తర్వాత ఆర్ఎక్స్-7, ఆర్ఎక్స్-8 కార్లలో నడిపింది. అందులో పిస్టన్లు ఉండవు. లోపల సమోసాలాంటి మూడు మూలల రోటర్ తిరుగుతుంది. దాని మూడు మొహాలూ మూడు గదులు. ఆర్ఎక్స్-8లో రెండు రోటర్లు, అంటే ఆరు గదులు. మూలల్లో ఉండే సీళ్లు అరిగితే కంప్రెషన్ పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు గేజ్‌లో వెనక్కి గాలి వదలని చిన్న వాల్వు ఉంటుంది. అందుకని ముల్లు అన్నిటికంటే ఎక్కువ ప్రెషర్ దగ్గర ఆగిపోతుంది. రోటరీకి అదే గేజ్ పెడితే మూడు మొహాల్లో మంచి మొహం అంకె ఒక్కటే కనిపిస్తుంది. మిగతా రెండూ పాడైపోయినా బయటపడవు. అందుకే రోటరీకి వేరే టెస్టర్ వాడతారు. అది ప్రతి మొహానికీ విడిగా అంకె ఇస్తుంది, ఎంత వేగంతో తిప్పారో కూడా చూపిస్తుంది. ఆ అంకెల్ని 250 ఆర్‌పీఎం లెక్కకి మార్చి పోలుస్తారు. ఆర్ఎక్స్-8కి కనీసం 6.9 కేజీలు ఉండాలి. బలమైన బ్యాటరీ పెట్టి గట్టిగా తిప్పితే అంకె దానంతటదే పెరుగుతుంది. వేగం చెప్పకుండా అంకె మాత్రమే చెప్పడం సగం ఝూట్.

ఇంకో మాట కూడా చెప్పాడు. అరిగిన రోటరీ చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కి ఆగాక మళ్లీ స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది. "కాబట్టి ఇక్కడ అమ్మేవాళ్లు బండిని చల్లగా ఉంచి చూపిస్తారు భాయ్" అన్నాడు. నల్లపాడులో వేడి చేసి చూపించు అంటారు, షార్జాలో చల్లగా చూపించు అంటారు. ఇంజన్లు వేరు, నీయత్ ఒకటే.

మనం కూడా ఆ గేజ్ లాంటివాళ్లమే. మంచి మొహం దగ్గర ముల్లు ఆపేస్తాం. కొత్త టైర్లు చూపిస్తాం, ఏసీ చూపిస్తాం, సీటు కవర్లు చూపిస్తాం. మూడో సిలిండర్ ఊసెత్తం.

నేనేమీ పాక్ మనిషినని చెప్పట్లేదు. పన్నెండేళ్ల కిందట నా పాత డీజిల్ బండి ఇలాగే అమ్మాను. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ ఉందని తెలుసు. వేడి చేసి చూపించాను. కొన్నాయన కిరాయికి తిప్పుకుందామని అప్పు చేసి కొన్నాడు. మూడు నెలలకే ఇంజన్ దించాడు. ఆయన నాతో గొడవ పడలేదు. ఈద్‌గాహ్‌లో ఎదురుపడితే పక్కవాడితో గలే మిల్ చేసుకుని నన్ను దాటి వెళ్లిపోయాడు, అంతే. ఆ సౌదాలో నాకు మిగిలిన పైసలు ఎప్పుడో ఖర్చయిపోయాయి. ఆ ఈద్ మాత్రం ఇంకా ఖర్చవలేదు.

మిర్చి గురించి గుంటూరోళ్లకి నేను చెప్పాలా? టిక్కీ పైన ఎర్రగా మెరిసే కాయ పెట్టి, లోపల తాలు, తేమ పట్టిన కాయ కుక్కితే యార్డులో ఎంత గొడవ! అందుకే బయ్యర్ టిక్కీ మధ్యలో చెయ్యి పెట్టి కాయ లాగి చూస్తాడు. మన ప్రవక్త కూడా బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, లోపల తడి తగిలితే, ఆ తడిది పైనే ఎందుకు పెట్టలేదని అడిగారు. ఈ హదీసు మనలో ఎవరికి తెలీదు? గమనించండి, కొనేవాళ్లు ఎందుకు చూసుకోలేదని అడగలేదు. అమ్మేవాణ్ని అడిగారు. ఐబ్ చెప్పే బాధ్యత అమ్మేవాడిదే. ఫిఖహ్‌లో ఖియారె ఐబ్ అని ఒక హక్కే ఉంది, దాచిన లోపం బయటపడితే కొన్నవాడు సరుకు తిరిగి ఇచ్చేయొచ్చు. బిర్యానీ విషయంలో హలాల్ అడిగే మనం బండి పైసల దగ్గర ఎందుకు అడగం?

"నిజం చెబితే రేటు పడిపోతుంది" అంటారు. పడుతుంది. నేను 2,10,000 అనుకున్న కారుకి 1,70,000 వచ్చాయి. ఆ నలభై వేలు నావి కాదు, మూడో సిలిండర్‌వి. ఎవరో ఒకరు ఆ ఖర్చు పెట్టాల్సిందే. నేను దాచి ఉంటే అది ఆయన జేబులోంచి పోయేది. దీన్ని లాభం అనరు.

కొనేవాళ్లకీ ఒక మాట. నిజాయితీగా లోపం చెప్పినవాణ్ని పట్టుకుని, రిపేరు ఖర్చుకి రెండింతలు తగ్గించమని పీడిస్తారు. అందుకే రేపు వాడు కూడా నోరు మూసుకుంటాడు. 115 చూడగానే బండి చచ్చిందనుకోకండి, 170 చూడగానే నిఖా ఖాయం చేయకండి. కంప్రెషన్ బాగున్నంత మాత్రాన గేర్ బాక్స్, బేరింగులు బాగున్నట్టు కాదు.

నేను చేసింది ఇంతే. తారీఖు, కిలోమీటర్లు, ఇంజన్ వేడిగా ఉందని, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కామని, నాలుగు అంకెలు, ఆయిల్ పోశాక వచ్చిన ఐదో అంకె ఒక కాగితం మీద ఉస్తాద్‌తోనే రాయించాను. కొనడానికి వచ్చిన పేరేచర్ల ఆయన బానెట్ ఎత్తకముందే అది చేతికిచ్చాను. బండి పొద్దున్నే, చల్లగా ఉండగానే స్టార్ట్ చేయమన్నాను. వణికింది. ఆయన విన్నాడు. బేరమాడాడు. కొన్నాడు.

మామూజాన్‌కి చెబితే "నలభై వేలు పోగొట్టుకున్నావ్ పాగల్" అన్నారు. ఆయన కారు కూడా అమ్మకానికి ఉంది. వచ్చే వారం ఉస్తాద్ దగ్గరికి తీసుకెళదామన్నాను. ఇంకా జవాబు చెప్పలేదు.

మీరు చెప్పండి. మీ ఇంట్లో అమ్మకానికున్న బండి ప్లగ్గులు ఎప్పుడు విప్పిస్తున్నారు?