శర్విలకుని జంధ్యము, మదనిక బుద్ధి



మొన్న బోగోలు నుండి కావలి వెళ్ళే బస్సులో నా పూర్వ సహోద్యోగి ఒకరు తటస్థపడ్డారు. గణితోపాధ్యాయులు, నాకంటె రెండేళ్ళు పెద్దవారు. మా ముందు సీటులో ఒక కుర్రవాడు సెల్‌ఫోనులో "మనీ" సినిమా చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు. మావారికి ఒళ్ళు మండింది. "దొంగల్ని చూసి నవ్వడమేమిటి తెలుగయ్యవారూ! ఇదంతా తెల్లవాళ్ళ దగ్గర తెచ్చుకున్న రోగం. మన కావ్యాల్లో ఇట్లాంటి కథలున్నాయా?" అని నన్నే సాక్ష్యానికి పిలిచారు. నేను నోరు తెరిచేలోగా కండక్టరుతో చిల్లర తగవు వచ్చింది, ఆ తగవు ముగిసేసరికి కావలి వచ్చింది. బస్సులో మిగిలిపోయిన ఆ సమాధానమే ఈ టపా.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. 1993లో శివనాగేశ్వరరావుగారు తీసిన "మనీ"కి 1986 నాటి "రూత్‌లెస్ పీపుల్" అనే అమెరికా చిత్రం ఆధారం. ఇద్దరు నిరుద్యోగులు ధనవంతుని భార్యను ఎత్తుకుపోతారు, పీడ విరగడైందని మొగుడు సంతోషిస్తాడు. ఇతివృత్తం అరువుదే, సందేహం లేదు. కాని చేతకాని దొంగను, వాని ప్రియురాలిని చూసి నవ్వే నవ్వు కూడా అరువుదేనంటే మాత్రం ఒప్పుకోను.

శూద్రకుని మృచ్ఛకటికం మూడవ అంకం తెరవండి. శర్విలకుడు బ్రాహ్మణుడు, చౌర్యశాస్త్రంలో తనంతవాడు లేడనుకొనేవాడు. వసంతసేన ఇంటి దాసి మదనికను ప్రేమించాడు. ఆమెను విడిపించడానికి సొమ్ము లేదు. చారుదత్తుని ఇంటికి కన్నం వేయబోయి, కన్నం ఏ ఆకారంలో ఉంటే తెల్లవారి చూసినవారు మెచ్చుకుంటారా అని ఆలోచిస్తాడు! పద్మమా, నెలవంకా అని తర్జనభర్జన పడి పూర్ణకుంభం దగ్గర ఆగుతాడు. తీరా చూస్తే కొలతత్రాడు ఇంటి దగ్గర మరచి వచ్చాడు. మెడలో జంధ్యం ఉంది కదా, దానితోనే కొలుస్తాడు. లోపలికి వెళ్తే మద్దెలలు, వేణువులు, పుస్తకాలు తప్ప ఏమీ లేవు. పాపం, వట్టి పేదకొంప. వెనుదిరగబోతుండగా మైత్రేయుడు నిద్రలో పలవరిస్తూ, "ఈ నగలపెట్టె నువ్వే పట్టుకో" అన్నట్లు చేతికే అందిస్తాడు. ప్రపంచంలో ఏ సినిమాలోనైనా దొంగకు ఇంతకంటె పరువుతక్కువ విజయం లభించిందా?

అసలు తమాషా నాలుగవ అంకంలో ఉంది. ఆ నగలు ఎవరివి? మదనిక యజమానురాలు వసంతసేన చారుదత్తుని దగ్గర దాచుకొన్నవి. అంటే ఈ మహానుభావుడు ఎవరి దాస్యం నుండి పిల్లను విడిపించాలనుకొన్నాడో వారి సొమ్మే దొంగిలించి వారికే వెల చెల్లించబోతున్నాడు! మదనిక పెట్టెను చూడగానే గుర్తుపట్టి వణికిపోయింది. అవి ఎక్కడివో తెలిశాక ఆమె ఆత్రంగా అడిగింది, "ఆ ఇంట్లో ఎవరినీ గాయపరచలేదు కదా?" అని. వీడేమో ఆమె చారుదత్తుని ప్రేమిస్తోందని అసూయపడి ఆడజాతిని దూషిస్తూ కూర్చుంటాడు. ఉపాయం చెప్పింది ఆమే: చారుదత్తుడు పంపిన మనిషినని చెప్పి నగలు వసంతసేనకు అప్పగించమంది. దొంగ కాస్తా సొమ్ము చేరవేసే కూలీ అయ్యాడు. చాటునుండి అంతా విన్న వసంతసేన వెల పుచ్చుకోకుండానే మదనికను అతనికి అప్పగించింది.

ఈ నవ్వు వెనుక చీకటి కూడా ఉంది. పోయిన నగలకు బదులుగా చారుదత్తుని భార్య ధూత తన రత్నహారం తీసి ఇచ్చింది. వసంతసేన నగలే తొమ్మిదవ అంకంలో మైత్రేయుని దగ్గరనుండి న్యాయసభలో జారిపడి చారుదత్తునికి మరణశిక్ష తెచ్చిపెట్టాయి. నవ్విన ప్రేక్షకునికి నవ్వినందుకు గొంతు పట్టుకుంటుంది.

సంస్కృతం మనది కాదంటారా? మా నెల్లూరికే రండి. దండి దశకుమారచరితాన్ని తెనిగించిన కేతన పదమూడవ శతాబ్దంలో ఆ కావ్యాన్ని తిక్కన సోమయాజికే అంకితమిచ్చాడు. అందులోని అపహారవర్మ పిసినారుల ఇళ్ళకు కన్నాలు వేసిన ఘనుడు. రాగమంజరితో కూడి మత్తులో వీధిలోకి పరుగెత్తి నగరరక్షకుల మీదికి దూకి తనంతట తానే పట్టుబడ్డవాడు. భారతాన్ని తెనిగించిన మహాకవి ఈ కృతిని స్వీకరించాడు. మా గణితంవారికి మాత్రం అది రోగం!

అయితే మావారి కోపంలో ఒక నిజం ఉంది, వారు గురిపెట్టిన చోట కాదు. నాకు కూడా నేటి నేరచిత్రాలు చూస్తే కడుపు మండుతుంది. కారణం వేరు. దొంగను వెర్రివాణ్ణి చేయడం మానేశారు, వాని పక్కనున్న స్త్రీని వెర్రిదాన్ని చేశారు. 2021 డిసెంబరులో వచ్చిన "పుష్ప"లో ఎర్రచందనం కూలీగా మొదలైనవాడు ఎక్కడా తడబడడు. ప్రేమించిన పిల్ల చూపుకు వేయి రూపాయలు, ముద్దుకు అయిదు వేలు వెల కడతారు, హాలంతా నవ్వుతుంది. వెల కట్టబడిన దాసి మదనికకు ఉన్న బుద్ధిలో పదోవంతు శ్రీవల్లికి ఇచ్చి ఉంటే ఆ రాత్రే వీని దొంగతనానికి ముగింపు చెప్పి ఉండేది!

ఎర్రచందనం మాకు కథ కాదు. మా జిల్లా పడమటి వెలిగొండల్లో పెరిగే చెట్టు అది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఇరవై మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమిళనాడునుండి వచ్చినవారు. కొట్టేవాడు, మోసేవాడు, బండికెత్తేవాడు నేలకూలితే సొమ్ము తినేవాడు ఎక్కడో చల్లగా ఉంటాడు. ఆ మోసేవాణ్ణి తెరమీద ఓటమి ఎరుగని వీరుణ్ణి చేసి చూపితే, మోయడానికి మరొక కుర్రవాడు సిద్ధమవుతాడు. శర్విలకుణ్ణి చూసినవాడు ముందు తన కొలతత్రాడు తెచ్చుకున్నాడో లేదో తడుముకుంటాడు. ఈ తేడాను "సంస్కృతి నాశనం" అనేవారు గాని, "వినోదమే కదా" అనేవారు గాని పట్టించుకోరు. ఇద్దరి మీదా నా ఫిర్యాదు ఒక్కటే.

నిన్న సాయంకాలం గణితంవారికి ఫోను చేసి ఈ కథంతా చెప్పాను. జంధ్యం దగ్గరకు వచ్చేసరికి ఆపుకోలేక నవ్వారు. కాసేపటికి సర్దుకొని, "ఆ పిల్లకు తెలివి ఉంది సరే, ఇటువంటివాణ్ణి ఎందుకు ప్రేమించిందయ్యా?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. మిత్రులెవరైనా చెప్పగలిగితే వారికి ఫోనులో వినిపిస్తాను.